పది అంగుళాల సందులో నేను నేర్చుకున్నది



ప్రతి జూన్‌లో నేను పిల్లలకిచ్చే మొదటి హోంవర్క్ ఒకటే: "సెలవుల్లో ఏం చేశారో ఒక పేజీ రాసుకురండి." ఈసారి ఏడో తరగతిలో ఒకబ్బాయి లేచి, "మరి మీరు కూడా రాస్తారా మేడమ్?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వేశాను. కానీ వాడు అడిగింది న్యాయమే. అందుకే ఇదిగో నా హోంవర్క్. ఒక పేజీ దాటింది, మన్నించాలి. పిల్లలకు చెప్పని సంగతి ఒకటి ఇందులో ఉంది. అది మీకు చెప్పాల్సిన సంగతి.

మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. గండికోట మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చోటు. ఎర్రమల కొండల్ని చీల్చుకుని పెన్న పారే ఆ లోయను చూసినవాళ్ళకు "గండి" అంటే ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు. అందుకే మా అక్క అమెరికా నుంచి ఫోన్ చేసి, "ఈ ఎండాకాలం రా, కాన్యన్లు చూపిస్తా" అన్నప్పుడు, "మా ఊళ్ళో లేనివా?" అన్నాను. అక్క నవ్వింది. "గండికోటలో గట్టు మీద నిలబడి కిందికి చూస్తావు. ఇక్కడ రాయి లోపల నడుస్తావు. తేడా ఏంటో వచ్చాక నువ్వే చెప్పు" అంది.

అక్క, బావ ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉంటారు. వాళ్ళ అమ్మాయికి పన్నెండేళ్ళు, అంటే మన ఏడో తరగతి వయసు. రెండేళ్ళు దాచుకున్న డబ్బుకు అక్క ఇచ్చింది కలిపి టికెట్ కొన్నాను. మే నెల చివరి వారంలో నలుగురం కారులో బయల్దేరాం.

రాతి సందు ఎలా పుడుతుంది

మేం చూడబోయేవి స్లాట్ కాన్యన్లు. తెలుగులో చెప్పాలంటే రాతి సందులు. వంద అడుగుల లోతున్నా వెడల్పు మాత్రం ఒక మనిషి పట్టేంతే ఉండొచ్చు. మా దారిలో మొదట వచ్చింది పేజ్ అనే ఊరి దగ్గర, నవాహో ఆదివాసుల నేలలో ఉన్న యాంటెలోప్ కాన్యన్. అక్కడ గైడ్ తోడు లేకుండా ఎవరినీ లోపలికి పంపరు. నవాహో భాషలో దాని పేరుకు "రాళ్ళ గుండా నీళ్ళు పారే చోటు" అని అర్థమట. హెచ్చరిక పేరులోనే ఉంది.

ఆ ఎర్రరాయి ఒకప్పుడు ఇసుక. 18 కోట్ల ఏళ్ళకు ముందు అక్కడ పెద్ద పెద్ద ఇసుక దిబ్బలుండేవి. అవి గట్టిపడి రాయయ్యాయి. గోడల మీద కనిపించే వాలు గీతలు ఆనాటి గాలి పేర్చిన ఇసుక పొరలు. ఎడారిలో చెట్టూ చేమా తక్కువ, నేలంతా బండ. వాన పడితే నీళ్ళు ఇంకవు. పల్లం వెతుక్కుంటూ వచ్చి ఏదో ఒక పగుల్లో పడతాయి. ఇసుకా గులకరాళ్ళూ కలిసిన ఆ వరద ఆకురాయిలా రాతిని గీస్తుంది. ఏటా కొద్దికొద్దిగా, వేల ఏళ్ళు. ఆ వంపులూ ఆ నునుపూ అలా వచ్చినవే.

ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. వాన మన నెత్తిన పడక్కర్లేదు. 1997 ఆగస్టు 12న దిగువ యాంటెలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు ప్రాణాలు కోల్పోయారు. గాలివాన కురిసింది మైళ్ళ దూరాన, ఎగువన. ఆ నీళ్ళు గోడలా సందులోకి వచ్చాయి. మా గైడ్ ఈ సంగతి చెబుతున్నప్పుడు పైకి చూశాను. సన్నటి నీలం గీతలా ఆకాశం. ఆ గీతను చూసి ఎగువన ఏం జరుగుతోందో ఎవరు చెప్పగలరు?

వెళ్ళకుండా ఆగిపోయిన రోజు

మా అసలు గమ్యం అక్కడి నుంచి ఇంకా ఉత్తరాన, యూటా రాష్ట్రంలోని ఎస్కలాంటే అనే చిన్న ఊరు. దాని దగ్గర పీకబూ, స్పూకీ అని రెండు రాతి సందులు పక్కపక్కనే ఉన్నాయి. పీకబూలో కింది నుంచి పైకెక్కి, ఇసుకలో కొంత దూరం నడిచి, స్పూకీలో పైనుంచి కిందికి దిగితే ఒక చుట్టు పూర్తవుతుంది. పై పార్కింగ్ నుంచి లెక్కేస్తే మొత్తం సుమారు 10 కిలోమీటర్లు. అక్కడ గైడ్ ఉండడు, నీళ్ళుండవు, ఫోన్ సిగ్నల్ ఉండదు.

మొదటి రోజు పొద్దున్నే బూట్లేసుకుని సిద్ధమయ్యాం. బావ ఫోన్‌లో వాతావరణం చూశారు. మధ్యాహ్నం ఉరుములతో వాన పడే అవకాశం ఉందని ఉంది. ఊళ్ళోని సందర్శకుల ఆఫీసుకు వెళ్ళి అడిగితే అక్కడున్నామె, "నేనైతే ఈరోజు లోపలికి వెళ్ళను" అంది. అంతే, బావ ప్రోగ్రాం ఆపేశారు.

నాకు చాలా కోపమొచ్చింది. బయట ఎండ పేలుతోంది, ఒక్క మబ్బు తునక లేదు. "ఇంత దూరం వచ్చాం బావా, ఇంత ఖర్చు పెట్టాం. అందరూ వెళ్తున్నారు కదా" అన్నాను. ఆ మూడు మాటలూ తర్వాత నాకు చాలాసార్లు గుర్తొచ్చాయి. మీటింగుల్లో మనమంతా పిల్లల గురించి అనుకునే మాటలే అవి.

ఆ రోజు పక్కనే ఉన్న శిలాజ వనానికి వెళ్ళాం. చెట్ల మానులు రాళ్ళుగా మారిన చోటది. అక్క కూతురు ప్రతి రాయీ ముట్టుకుని చూసి సంబరపడింది. నేను మాత్రం ముఖం ముడుచుకునే తిరిగాను. సాయంత్రం దాకా చుక్క వాన పడలేదు. "చూశారా బావా?" అన్నాను ఉండబట్టలేక.

బావ నవ్వారు. "పడలేదని ఇప్పుడు తెలిసింది. పొద్దున తెలియదుగా" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు.

పన్నెండు అడుగుల గోడ

మర్నాడు వాతావరణం తేలిగ్గా ఉంది. బయల్దేరే ముందు, ఊళ్ళో సిగ్నల్ ఉండగానే, ఎక్కడికి వెళ్తున్నామో ఎప్పటికి తిరిగొస్తామో ఫీనిక్స్‌లోని స్నేహితుడికి బావ మెసేజ్ పెట్టారు. ఎందుకంటే ఇదే యూటాలో, 2003లో, ఆరన్ రాల్‌స్టన్ అనే యువకుడు ఎవరికీ చెప్పకుండా ఇలాంటి సందులోకే ఒంటరిగా వెళ్ళాడు. జారిన బండ కింద చెయ్యి ఇరుక్కుని అయిదు రోజులకు పైగా అక్కడే ఉండిపోయాడు. చివరికి ఆ చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. "127 అవర్స్" సినిమా అతని కథే. దానికి సంగీతం ఇచ్చింది మన ఎ.ఆర్. రెహమానే. మీలో కొందరు చూసే ఉంటారు.

హైవే వదిలాక 42 కిలోమీటర్లు మట్టి రోడ్డు. దాని పేరు హోల్ ఇన్ ది రాక్ రోడ్డు. 1879-80లో సుమారు 250 మంది మార్మన్ వలసదారులు బండ్లతో ఈ దారిన వెళ్ళి, కొలరాడో నది గట్టున ఉన్న కొండ చీలికను పగలగొట్టి వెడల్పు చేసి బండ్లు దించారు. ఆ పేరు అలా వచ్చింది. కారు గజగజలాడుతుంటే ఆ బండ్లలో కూర్చున్న పిల్లలు ఎలా ఉన్నారో అనిపించింది.

కారు ఆపి, రాళ్ళు పేర్చిన గుర్తులను పట్టుకుని, ఎండిన వాగులోకి దిగాం. దారి పక్కన ఇసుక మీద నల్లగా పెళుసైన పెంకులాంటిది కనిపిస్తుంది. అది ప్రాణమున్న నేల. సూక్ష్మజీవులు ఇసుకను పట్టి ఉంచే పొర. ఒక్కసారి తొక్కితే మళ్ళీ కట్టుకోవడానికి ఏళ్ళు పడుతుందని అక్క కూతురే నాకు చెప్పింది, స్కూల్లో నేర్చుకుందట.

పీకబూ ద్వారమే ఒక గోడ. సుమారు పన్నెండు అడుగుల ఎత్తు. రాతిలో తొలిచిన చిన్న గుంటలున్నాయి, కాలి వేళ్ళు మాత్రమే పడతాయి. అక్క దాన్ని ఒక్కసారి చూసి, "నాకు ఇరుకంటే పడదు. మీరు వెళ్ళిరండి, నేను వాగులోంచి నడిచి స్పూకీ చివర కూర్చుంటా" అంది. సిగ్గుపడలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. బావ ఎక్కారు. పాప ఉడతలా ఎక్కేసింది. ఇక నేను.

రెండు గుంటలు ఎక్కాను. మూడోది కనపడలేదు. కాళ్ళు వణకడం మొదలైంది. కిందికి చూస్తే మా వెనక ఏడెనిమిది మంది ఎదురుచూస్తున్నారు. వాళ్ళలో ఒకాయన మంచి మనసుతోనే అరిచాడు: "భయపడకండి, చాలా ఈజీ!"

ఆ "ఈజీ" అన్న మాట నాకు ఎక్కడ తగిలిందో ఎలా చెప్పను? అందరికీ తేలికైనది నాకు మాత్రమే కష్టమా? ముఖం వేడెక్కింది. ఉన్న బలం కూడా పోయింది. దిగిపోదామంటే దిగడమూ రాదు.

అప్పుడు పైనుంచి పాప బోర్లా పడుకుని తల కిందికి వంచింది. "పిన్నీ, పైకి చూడకు. నీ ఎడమ మోకాలి పక్కన గుంట ఉంది. ఎడమ కాలు అందులో పెట్టు. పెట్టావా? ఇప్పుడు కుడి చెయ్యి ఆ అంచు మీదికి తే."

భయపడకు అని ఒక్కసారి కూడా అనలేదు. నువ్వు చేయగలవు అని కూడా అనలేదు. నేను పెట్టాల్సిన ఆ ఒక్క అడుగు ఎక్కడుందో చెప్పింది. పెట్టాక తర్వాతది చెప్పింది. అలా నాలుగు మాటలకు నేను పైనున్నాను.

ఊపిరి వదులు పిన్నీ

పీకబూ లోపల నీళ్ళు చెక్కిన రాతి తోరణాలున్నాయి, వాటి కిందుగా దూరాలి. ఎండ ఒక గోడ మీద పడి ఇంకో గోడకు రంగు పూస్తుంది. గోడలు నిజంగా వెలిగినట్టే ఉంటాయి. పైకొచ్చాక ఇసుకలో కొంత నడక, మాడు మాడిపోయే ఎండ. తర్వాత స్పూకీ.

స్పూకీ వేరు. అది నిలువునా మూసుకుపోయిన సందు. ఒకచోట బండలు పడి దారికి అడ్డంగా ఇరుక్కుని ఉంటాయి, వాటి మధ్యనున్న కంతలోంచి కిందికి దిగాలి. బావ ముందు దిగి మమ్మల్ని దించారు. ఆ తర్వాత పాప ముందు, నేను మధ్యలో, బావ వెనక. గోడలు దగ్గరవుతూ వచ్చాయి. బ్యాగు వీపు మీంచి తీసి చేతికి తగిలించుకున్నాను. నేరుగా నడవలేక పక్కకు తిరిగాను. స్పూకీలో బాగా ఇరుకైన చోట వెడల్పు సుమారు పది అంగుళాలు. మన స్కూలు స్కేలు పన్నెండు అంగుళాలుంటుంది. ఆ స్కేలు అక్కడ అడ్డంగా పట్టదు.

అక్కడ ఆగిపోయాను. ఛాతీకి ఒక గోడ, వీపుకు ఒక గోడ. గోడ మీద చిన్న చిన్న రాతి బుడిపెలు, అవి చెంపకు గుచ్చుకుంటున్నాయి. తల తిప్పడానికి కూడా చోటు లేదు. గుండె దడదడలాడింది. గట్టిగా ఊపిరి పీల్చాను. పీల్చినకొద్దీ ఛాతీ ఉబ్బి ఇంకా బిగుసుకుంది. "చెయ్యి పట్టి లాగవే" అన్నాను పాపతో. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"లాగితే ఇంకా ఇరుక్కుంటావు పిన్నీ. ఊపిరి వదులు. మొత్తం వదిలి అప్పుడు జరుగు. తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నా."

వెనక బావ కూడా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన వెనక ఇంకెవరో వచ్చి ఆగిన చప్పుడైంది. బావ వాళ్ళతో మెల్లగా ఏదో చెప్పారు, వాళ్ళూ ఆగారు. ఎంతసేపో తెలియదు. నాకు చాలాసేపనిపించింది. ఊపిరి వదిలాను, అంగుళం జరిగాను. మళ్ళీ వదిలాను, ఇంకో అంగుళం. అలా అలా భుజానికి గాలి తగిలింది.

స్పూకీ చివర నీడలో అక్క కూర్చుని ఉంది. నన్ను చూసి ఏమీ అడగకుండా నీళ్ళ సీసా ఇచ్చింది. అప్పుడు ఏడ్చాను. భయం వల్ల అనుకుంది అక్క. కారణం అది కాదు.

ఫిబ్రవరిలో జరిగింది

ఇప్పుడు మీకు చెప్పాల్సిన సంగతి.

పోయిన ఫిబ్రవరిలో నా క్లాసులో ఒకమ్మాయి లేచి పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాట "థరో". ఇంగ్లీషులో థ్రూ, దో, థరో అని మూడు మాటలున్నాయి. చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, పలకడం దేనికదే. ఎంత పెద్దవాళ్ళయినా తడబడే చోటది. యూనిట్ టెస్ట్ దగ్గర పడుతోంది, ఇంకా రెండు పాఠాలు మిగిలున్నాయి. నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కమాన్, ఫాస్ట్‌గా. ఇది చాలా ఈజీ కదా, అయిదో తరగతి పిల్లలు కూడా చదువుతారు." క్లాసు నవ్వింది. ఆ పాప నిలబడే ఉంది. చదివేదాకా కూర్చోనివ్వలేదు నేను. మంచి కోసమే అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆ పాప క్లాసులో నోరు విప్పి చదవలేదు. మార్చిలో పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చిన వాళ్ళమ్మగారు, "ఇంట్లో గలగలా చదువుతుంది మేడమ్, ఇక్కడెందుకు చదవదంటారు?" అని అడిగారు. నేను, "ప్రాక్టీస్ చాలట్లేదండీ, రోజూ ఒక అరగంట చదివించండి" అన్నాను. కారణం నాకు తెలుసు. తెలిసీ ఆ భారం ఆ తల్లి మీద, ఆ పాప మీద పెట్టి పంపాను.

స్పూకీ చివర కూర్చున్నప్పుడు నాకు కనిపించింది ఆ పాప ముఖం. గోడ మీద ఉన్నది తను, వెనక నవ్వే వరుస మా క్లాసు, "ఈజీ" అని అరిచింది నేను. బీఈడీలో నేర్చుకున్నాను, తప్పు చదివిన బిడ్డకు తర్వాతి అడుగు చూపించాలని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అదేమిటో నాకు ఒంటికి తెలిసింది మాత్రం పన్నెండేళ్ళ పిల్ల దగ్గరే.

బడి తెరిచిన వారంలో ఆ తల్లికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను, క్షమించమన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేను కూడా ఇంట్లో ఆ మాటలే అన్నాను మేడమ్" అన్నారు. పేరు లేకుండా ఇది రాయొచ్చా అని అడిగితే, "రాయండి" అన్నారు. ఆ పాపను కూడా అడిగాను. భుజాలెగరేసి సరేనంది.

అంతా సర్దుకుందని చెప్పలేను. ఆ పాప ఇంకా క్లాసు ముందు లేచి చదవడం లేదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత పది నిమిషాలు నా బల్ల పక్కన కూర్చుని నాకు మాత్రం చదువుతోంది. ఆగినచోట నేను ఆగుతున్నాను. "మొదటి ముక్క ఏమిటి? థ. రెండోది? రో. చివరి అక్షరాలు పలకవు, వదిలెయ్." అంతే. పోయిన వారం ఒక పేరా ఆగకుండా చదివి, తనే ఆశ్చర్యపోయి నా వైపు చూసింది. మళ్ళీ క్లాసులో ఎప్పుడు లేస్తుందో తనిష్టం. ఎక్కకుండా వాగులోంచి నడిచి వచ్చిన మా అక్క కూడా మేం చేరిన చోటికే చేరింది కదా.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక సందులో ఇరుక్కున్న బిడ్డ ఉండొచ్చు. లెక్కల్లోనో, స్నేహితుల మధ్యనో, మనం ముచ్చటపడి చేర్పించిన కోచింగ్‌లోనో. చెయ్యి పట్టి లాగాలనిపిస్తుంది, నాకు తెలుసు. ఒక్క క్షణం ఆగి, ఏ కాలు ఎక్కడ పెట్టాలో చూపించండి. మీకు తెలియకపోతే మా దగ్గరకు రండి, కలిసి వెతుకుదాం. ఇక మీటింగ్‌లో ఎప్పుడైనా నేను "ప్రాక్టీస్ చాలట్లేదు" అంటే, "ఏ ప్రాక్టీస్ మేడమ్, ఎక్కడ ఆగుతోంది?" అని మొహమాటం లేకుండా అడగండి. చెప్పడం నా పని.

హోంవర్క్ అడిగిన బాబుకి: రాశాను నాన్నా. తప్పులుంటే దిద్దు.

పిల్లలతో కొండలకూ లోయలకూ వెళ్ళేవారికి

• ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్ళండి.

• వాగుల్లోకి, లోయల్లోకి దిగే ముందు ఎగువన వాన సూచన ఉందేమో చూడండి. మన నెత్తిన ఎండ కాస్తోందని నమ్మకండి. మన ఊళ్ళ వాగులకూ ఇదే వర్తిస్తుంది.

• ఎండలో నడకకు అనుకున్న దానికంటే ఎక్కువ నీళ్ళు తీసుకెళ్ళండి.

• రాళ్ళ మీద పేర్లు చెక్కనివ్వకండి. తీసుకెళ్ళిన ప్రతి కవరూ వెనక్కి తీసుకురండి.

• వద్దన్న బిడ్డను బలవంతంగా ఎక్కించకండి. చుట్టూ తిరిగి వచ్చే దారి ఉందేమో ముందే చూసుకోండి.

మీ,
ఇంగ్లీష్ టీచర్, హైస్కూల్ విభాగం